దురదృష్టం సొంత ఆస్తి అవుతుందా?

తోట నాది అనే హక్కు ఒకడికి వుందంటే, ఆ తోటలో వచ్చే నష్టం కూడా వాడిదే అనటం పైకి న్యాయంగానే కనిపిస్తుంది. లాభం వచ్చిన ఏడు నువ్వెవరికీ పంచిపెట్టలేదు గదా, నష్టం వచ్చిన ఏడు మమ్మల్నెందుకు అడుగుతావు అని ఎవరైనా అంటే, వెంటనే సమాధానం చెప్పటం అంత తేలిక కాదు. టెక్కలి దాటి పలాస మీదుగా ఇచ్ఛాపురం దాకా సముద్రాన్ని ఆనుకుని వున్న ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల మీద బతికే కుటుంబాలు ఈ మాట చాలాకాలంగా వింటున్నాయి. తుపాను వస్తే దైవం చేసిందంటారు. ధర పడిపోతే మార్కెట్టు అంటారు. జబ్బు చేస్తే మీ అలవాట్లు అంటారు. కారణం ఏదని చెప్పినా, చివరకు పద్దు రాసేది మాత్రం ఆ కుటుంబం పేరు మీదనే. టెక్కలిలో, పలాసలో బస్సు కోసం నిలబడిన చోట కూడా నేను తరచు వినే మాట ‘మా కర్మ’ అనేది. నష్టపోయినవాడు స్వయంగా ఆ పద్దు మీద సంతకం పెట్టటమే ఈ మాటకు అర్థం.

దురదృష్టం అనేది పొలంలాగా, ఇల్లులాగా ఒక కుటుంబానికి సొంత ఆస్తి కాగలదా? ఈ వ్యాసంలో నేను విచారించదలచింది ఇంతే. ఇది జాలికి సంబంధించిన ప్రశ్న కాదు. జాలికి మన దగ్గర కొరత లేదు. తుపాను వెలిసిన మర్నాడు అది లారీలలో వస్తుంది, నెల తిరిగేసరికి వెళ్ళిపోతుంది. ఇది బాధ్యత ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ఆగుతుంది అనే ప్రశ్న.

ఈ ప్రశ్న ఉద్దానంలో పుట్టినది కాదు. దీన్ని గురించి తీవ్రంగా ఆలోచించినవారిలో ఒకడు ఇరవైనాలుగేళ్ళ పత్రికా సంపాదకుడు. ఆయన ముందున్నవి కొబ్బరితోటలు కావు, ద్రాక్షతోటలు. ఆయన పేరు కార్ల్ మార్క్స్. పాఠకులకు ‘పెట్టుబడి’ రాసిన మార్క్స్ తెలుసు. ద్రాక్షరైతుల తరఫున వాదించిన మార్క్స్ అంతగా తెలియడు. కాని ఆయన్ను ఆర్థికశాస్త్రం వైపు తిప్పినది ఆ ద్రాక్షరైతుల గొడవేనని 1859లో తన గ్రంథానికి రాసుకున్న పీఠికలో ఆయనే చెప్పాడు.

మొసెల్ నది జర్మనీ పడమటి అంచున ప్రవహిస్తుంది. మార్క్స్ 1818లో పుట్టిన ట్రియర్ పట్టణం ఆ నది ఒడ్డునే వున్నది. ఆయన తండ్రి న్యాయవాది. పట్టణం దగ్గర ఆ కుటుంబానికి కూడా కొద్దిపాటి ద్రాక్షతోట వుండేది. ద్రాక్ష ఎండ కోరే పంట. మొసెల్ లోయ చల్లని ప్రాంతం. ద్రాక్ష పండగలిగే ఉత్తరపు హద్దుకు దగ్గరలో వున్నది. అందుచేత అక్కడి రైతులు నదికి ఎదురుగా, ఎండ సూటిగా తగిలే నిటారు కొండవాలుల మీద తీగలు నాటారు. ఆ నేలలోని పలకరాయి పగలు కాగి రాత్రి వేడిని విడుస్తుంది. అక్కడ పండే రీస్లింగ్ అనే తెల్ల ద్రాక్ష ఆలస్యంగా పండుతుంది. చలి వల్ల కాయలో పులుపు మిగులుతుంది. రసంలోని చక్కెరంతా పులిసి సారంగా మారేదాకా వుంచితే తీపి లేని తెల్ల వైన్ అవుతుంది. ఎండ చాలిన ఏడు ఆ పులుపే దానికి రుచి. ఎండ చాలని ఏడు అది నోట పెట్టలేని పులుపు, రైతుకు అప్పు.

అంత నిటారు వాలు మీద పశువులతో దున్నటం కష్టం. తవ్వటం, తీగ కట్టటం, వానకు కిందికి జారిన మట్టిని మళ్ళీ బుట్టలతో పైకి మొయ్యటం, అంతా మనుషులే చెయ్యాలి. తండ్రి ఆస్తి బిడ్డలందరికీ పంచే ఆచారం వల్ల తోటలు తరం తరానికి చిన్న ముక్కలైనాయి. ఆ ముక్క మీద ఇంటిల్లిపాదీ పని చేసేవాళ్ళు.

1815లో ఈ ప్రాంతం ప్రష్యా రాజ్యం కిందికి వచ్చింది. 1818 సుంకాల చట్టం బయటి వైన్‌ను అడ్డుకోవటంతో మొసెల్ వైన్‌కు ప్రష్యా మార్కెట్టు దొరికింది. కొత్త తోటలు వేశారు. తరవాత ప్రష్యా దక్షిణ జర్మన్ రాజ్యాలతో ఒప్పందాలు చేసుకున్నది. 1834లో సుంకాల సమాఖ్య ఏర్పడింది. ఎండ ఎక్కువ, ఖర్చు తక్కువ అయిన దక్షిణాది వైన్ సుంకం లేకుండా వచ్చిపడింది. మొసెల్ రైతు కొండ మారలేదు, తీగ మారలేదు, చెమట తగ్గలేదు. ఎక్కడో చేసిన సంతకంతో అతని పంట విలువ పడిపోయింది. అతను దివాలా తీశాడు.

ఈ దుస్థితిని గురించి 1842 డిసెంబరులో ‘రైన్ పత్రిక’ ఒక విలేఖరి లేఖలు అచ్చువేసింది. రాష్ట్రాధికారి ఫాన్ షాపర్ వాటికి రుజువులు చూపమని సంపాదకుణ్ణి నిలదీశాడు. విలేఖరి తరఫున జవాబు రాసే పని మార్క్స్ తన మీద వేసుకున్నాడు. ఐదు విషయాల మీద రాస్తానని పూనుకున్నాడు. 1843 జనవరిలో రెండు మాత్రమే వెలుగు చూశాయి. మిగిలినవాటిని సెన్సారు బయటికి రానివ్వలేదు. ఆ పత్రికనే మూసెయ్యమని ప్రభుత్వం ఉత్తర్వు వేసింది. మార్చి 31తో అది ఆగిపోయింది.

ఆ జవాబులో మార్క్స్ వాదన ఇది. దుస్థితి గొడవ వచ్చినప్పుడు పెద్ద అధికారి కింది అధికారిని అడుగుతాడు. కింది అధికారి తన పరిపాలన సక్రమంగానే వున్నదని నమ్ముతాడు గనక, లోపం ప్రకృతిలోనో రైతులోనో వుండి తీరాలని నిర్ణయిస్తాడు. రైతు మొత్తుకుంటే, స్వార్థం కొద్దీ గోరంతలు కొండంతలు చేస్తున్నాడంటాడు. కాగితం మీద వున్న లోకం అసలు లోకం కన్న నిజమవుతుంది. పరిపాలనను ప్రజల అవసరాలకు సర్దటానికి బదులు, ప్రజలనే పరిపాలనకు సర్దుకుపొమ్మంటారు. అయితే మార్క్స్ ఆ అధికారి దుర్మార్గుడని అనలేదు. రైతు చేసే పనులనూ అధికారి చేసే పనులనూ కూడా వాళ్ళ ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేని సంబంధాలు నడుపుతాయన్నాడు. ఆ సంబంధాలను చూడకుండా ప్రతి దానికీ ఎవడో ఒకడి మంచి బుద్ధినో చెడ్డ బుద్ధినో కారణంగా చెప్పటం తేలిక. ఆ తేలిక దోవను ఆయన వదిలేశాడు. మనం ఊపిరి పీల్చే తీరు మన ఇష్టం మీద ఆధారపడనట్టే ఈ సంబంధాలు కూడా మన ఇష్టం మీద ఆధారపడవని ఆయన పోలిక.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. మన విద్యార్థి మిత్రులు దాన్ని తప్పించుకుపోవటం నేను చాలాసార్లు చూశాను. అన్నిటికీ సంబంధాలే కారణమైతే, ఇక తప్పెవరిది? రైతూ నిర్దోషి, అధికారీ నిర్దోషి, వ్యాపారీ నిర్దోషి. ‘వ్యవస్థ’ అనే మాట పెట్టి అందరినీ విడుదల చేసినట్టు కాలేదా? ‘మా కర్మ’ అన్నవాడికీ ‘వ్యవస్థ’ అన్నవాడికీ తేడా ఏముంది? ఇద్దరూ చేతులు కట్టుకునే కూచోవచ్చు గదా?

తేడా వుంది. అది తప్పుకూ బాధ్యతకూ మధ్య వున్న తేడా. ఊరి చెరువు గట్టు అర్ధరాత్రి తెగిందనుకుందాం. ఎవరూ తెగ్గొట్టలేదు, వాన ఎక్కువైంది. తప్పు ఎవరిదీ కాదు. కాని గండికి ఎదురుగా వున్న పొలం ఎవడిదో వాడి దురదృష్టమని ఊరు పడుకోదు. ఆ చెరువు కింద ఎకరం వున్నవాడూ, అరెకరం వున్నవాడూ పార పట్టుకుని రావాలి. రానివాడు మర్నాడు ఊరికి జవాబు చెప్పుకోవాలి. గట్టు తెగటంలో తప్పు లేకపోయినా గట్టు వెయ్యటంలో బాధ్యత వుంటుంది. నీళ్ళు పారించుకున్న ప్రతివాడికీ అందులో పాలు వుంటుంది. మార్క్స్ చెప్పిన ఊపిరి పోలికను మనం ఇక్కడిదాకానే తీసుకోవాలి. ఊపిరిని మనం కల్పించలేదు. సుంకాలను, ధరలను, అప్పులను, పట్టాలను మనుషులే కల్పించారు. ఒక్కడి ఇష్టం మీద ఆధారపడనిదల్లా అందరి ప్రయత్నానికీ లొంగనిదని చెప్పటానికి వీల్లేదు. కర్మవాది, వ్యవస్థ అని ఊరుకునేవాడు, ఇద్దరూ చేసే పొరపాటు ఇదే.

ఈ వెలుగులో ఉద్దానాన్ని చూద్దాం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. వేళ్ళతో లేచిపోయిన కొబ్బరిచెట్లను, నేలమట్టమైన జీడితోటలను జిల్లా అంతా చూసింది. గాలిని ఏ మనిషీ పుట్టించలేదు, నిజమే. కాని గాలి తీసుకుపోయినది చెట్టును. చెట్టు పోయాక ఏం జరిగిందనేది గాలికి సంబంధించిన విషయం కాదు. వరి పోతే ఒక పంట పోతుంది. నాటిన కొబ్బరి కాపుకు రావటానికి ఆరేడేళ్ళు పడుతుంది; వచ్చాక ఒక మనిషి జీవితకాలం కాస్తుంది. కూతురి పెళ్ళి, కొడుకు చదువు, ముసలితనంలో మందులు అన్నీ ఆ చెట్టు మీద అప్పుగా రాసివుంటాయి. ప్రభుత్వాల లెక్క ఏడాది లెక్క. చెట్టు లెక్క తరం లెక్క. పరిహారం అందినా కుటుంబం కోలుకోకపోతే అది ఆ కుటుంబం సోమరితనం కాదు. రెండు లెక్కలు కలవకపోవటం.

ఇంకొక సంగతి. పరిహారం చెట్టుకు ఇంత, హెక్టారుకు ఇంత అని కట్టారు. చెట్టెక్కి కాయ దించి బతికేవాడికి చెట్టు లేదు. పలాస, కాశీబుగ్గ జీడి పరిశ్రమల్లో పిక్క కొట్టి పప్పు తీసే ఆడవాళ్ళకు హెక్టారు లేదు. పిక్క పెంకులోని జీడి నూనె వాళ్ళ చేతులను కాలుస్తుంది. ఆ కాలిన చేతులకు తోటలో వాటా లేదు. తోట పోతే వీళ్ళకు పోయింది రేపటి కూలి. ఆస్తి వున్నవాడి నష్టాన్నే నష్టంగా గుర్తించే లెక్కలో ఆస్తి లేనివాడి నష్టం కనిపించదు. దురదృష్టాన్ని సొంత ఆస్తిగా చూస్తే జరిగేది ఇదే. పట్టా వున్నవాడికే దురదృష్టం కూడా వుంటుంది. లేనివాడికి అది కూడా దక్కదు.

ఈ మాట చెప్పాక కుటుంబాన్ని గురించి కూడా నిక్కచ్చిగా మాట్లాడాలి. ‘కుటుంబ తోట’ అనే మాటలో ఒక తియ్యదనం వుంది. మొసెల్‌లో ఇవాళ సీసా మీద కుటుంబం పేరు, కొండ పేరు అచ్చువేస్తారు. కోతల కాలంలో ఆ వాలుల మీద పోలెండ్ నుంచి, రుమేనియా నుంచి వచ్చిన కూలీలు వంగి పని చేస్తారు; వాళ్ళ పేర్లు సీసా మీద వుండవు. మన దగ్గర పట్టా తండ్రి పేరున వుంటుంది. రాలిన పిక్క ఏరేది, పనస మోసేది, కొబ్బరి పీచు వొలిచేది తల్లీ, కోడలూ. మద్దతు ధరల లెక్కలో ‘కుటుంబ శ్రమ’ అని ఒక పద్దు వుంది. దానికి ఊహించి ఒక విలువ కడతారు. జీడికి ఆ మద్దతు ధర కూడా లేదు. కుటుంబ శ్రమ అంటే ఎవరి శ్రమ అని ఇంట్లో ఎవరూ అడగరు. కుటుంబం ఒక్కటే అని మనం ముచ్చటపడేచోట, ఒకరి దురదృష్టం ఇంకొకరి నెత్తిన నిశ్శబ్దంగా పడుతూ వుంటుంది. అందుచేత చిన్న రైతు మీద వున్న అభిమానంతో అతను బాధితుడు మాత్రమే అని రాయటం నాకు సమ్మతం కాదు. అతను ఒక చేత్తో శ్రామికుడు, ఒక చేత్తో యజమాని. అడిగే హక్కు అతనికి ఎంత వున్నదో జవాబు చెప్పే పూచీ కూడా అంత వున్నది.

మూత్రపిండాల జబ్బు సంగతి మరీ దారుణం. ఉద్దానం పల్లెల్లో పంచదార జబ్బూ రక్తపుపోటూ లేనివాళ్ళకు కూడా కిడ్నీలు దెబ్బతింటున్నాయి. నీరా, ఎండలో శ్రమా, మందులా, పుట్టుకతో వచ్చే లక్షణమా, అనేక కారణాలను పరిశోధకులు పరీక్షించారు. ఏదో ఒకటని శాస్త్రం ఇంకా తేల్చలేదు. మధ్య అమెరికాలో చెరకు నరికే కూలీలలోనూ ఇటువంటి జబ్బే కనిపించింది. ఇన్నేళ్ళూ రోగి వినవలసి వచ్చిన మాట ఏమిటంటే, నీళ్ళు తక్కువ తాగుతారు, ఒళ్ళునొప్పులకు మాత్రలు మింగుతారు అని. కావచ్చు. కాని మండుటెండలో తోటలో వున్నవాడు నీళ్ళెందుకు తాగలేదు? నొప్పి మాత్ర ఎవరు మింగుతారు? రేపు కూడా పనిలోకి వెళ్ళి తీరవలసినవాడు మింగుతాడు. అలవాటు అంటున్నది అతని ఇచ్ఛ కాదు, అతని పని షరతు. అలవాటనుకుంటే సలహాతో సరిపెట్టవచ్చు. షరతు అనుకుంటే గొట్టం వెయ్యాలి, ఆస్పత్రి కట్టాలి. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రిని, హిరమండలం నుంచి వంశధార నీటిని ఉద్దానానికి తెచ్చే పథకాన్ని ప్రారంభించారు. అవి చాలునా, సరిగా నడుస్తున్నాయా అన్నది వేరే విచారణ. కాని జబ్బు ఇంటింటి కర్మ కాదని, నీళ్ళివ్వటం ప్రభుత్వం పని అని ఒప్పుకోవటానికి రెండు దశాబ్దాలకు పైగా మనుషులు చచ్చిపోవలసి వచ్చింది.

కాగితం మీది లోకం గురించి కూడా ఈ నేలకు అనుభవం వుంది. సోంపేట బీల భూములలో నీళ్ళు నిలుస్తాయి, చేపలు పెరుగుతాయి, పశువులు మేస్తాయి, చుట్టూ పొలాలకు తడి అందుతుంది. థర్మల్ విద్యుత్ కేంద్రానికి వాటిని ఇచ్చినప్పుడు కాగితాలలో అవి పనికిరాని భూములు. 2010 జులై 14న అక్కడ పోలీసు కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ అప్పిలేట్ సంస్థ రద్దు చేసింది. భూమి స్వభావం ఆ రోజు మారలేదు. కాగితం మారింది, దానికి రక్తం ఖర్చయింది.

అంతకు డెబ్భైయేళ్ళ ముందు కూడా ఇంతే. మొసెల్ వ్యాసానికి కొద్ది నెలల ముందు మార్క్స్ కట్టెల దొంగతనం చట్టం మీద రాశాడు. అడవిలో రాలిన పుల్లలు ఏరుకునే బీదవాళ్ళను దొంగలుగా మార్చే చట్టం అది. మందస జమీందారీలో రైతుల గొడవ కూడా అడవి కలప గొడవే. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులకు సాసుమాన గున్నమ్మ బలి అయింది. రైన్ అడవిలో పుల్ల, మందస అడవిలో కలప. పొయ్యిలోకి కట్టె లేకపోవటం ఒక ఇంటి లోటు కాదని, అది హక్కుల తగాదా అని గున్నమ్మ ఏ పుస్తకమూ చదవకుండానే గ్రహించింది.

ఇక నివారణ మాట. మొసెల్‌లో ట్రియర్ వాడే అయిన లుడ్విగ్ గాల్ అనే సోషలిస్టు, 19వ శతాబ్దం మధ్యలో, ఎండ చాలని ఏడు పుల్లని రసానికి పులియకముందే చక్కెరనీళ్ళు కలిపే పద్ధతిని ప్రచారం చేశాడు. బీద రైతుకు అది ఊపిరి పోసింది. తరవాత పెద్ద తోటల యజమానులు చక్కెర కలపని వైనే ‘సహజమైన’ వైన్ అని దానికి పేరు తెచ్చారు. మంచి వాలు, నిలవ చేసుకునే శక్తి వున్నవాడికి స్వచ్ఛత పాటించటం కష్టం కాదు. సుగుణాలకు కూడా పెట్టుబడి కావాలని నీతిశాస్త్రం రాసేవాళ్ళు ఇక్కడ గమనించాలి. పక్కనే ఆర్ లోయలో మైషోస్ అనే పల్లెలో 1868లో పద్ధెనిమిదిమంది రైతులు కలిసి ద్రాక్షరైతుల సహకార సంఘం పెట్టుకున్నారు. విడివిడిగా అమ్మితే వ్యాపారి ధర చెబుతాడు. కలిసి అమ్మితే తామూ చెప్పవచ్చు. 1894లో ఎంగెల్స్ రైతు సమస్య మీద రాస్తూ, చిన్న రైతు భూమిని బలవంతంగా లాక్కోవటం మన పని కాదని, ఆదర్శం చూపి, సాయం చేసి సహకారం వైపు నడిపించాలని స్పష్టం చేశాడు.

ఉద్దానం రైతు ఇవాళ కూడా జీడిపిక్కను 80 కిలోల బస్తా లెక్కన పచ్చిగా అమ్ముతాడు. పరిశ్రమలకు ఆఫ్రికా నుంచి కూడా పిక్క వస్తుంది గనక ధర చెప్పటం అతని చేతిలో లేదు. 1834 నాటి మొసెల్ రైతు స్థితే ఇది. పిక్క కోసుకున్నాక జీడిపండు చెట్టు కిందనే కుళ్ళుతుంది. గోవాలో అదే పండు పులియబెట్టి ఫెనీ తీస్తారు; 2009లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఉద్దానంలో సారా బట్టీలు పెట్టమని నా ఉద్దేశం కాదు. పండులో విలువ లేక కుళ్ళటం లేదు, పండించినవాళ్ళు కూడలేదు గనక కుళ్ళుతున్నదని మాత్రమే నేనంటున్నాను. కూడటమంటే పట్టా వున్నవాళ్ళే కూడటం కాదు. కాయ దించేవాడికీ పప్పు తీసే ఆమెకూ చోటులేని సంఘం, వ్యాపారి స్థానంలో ఇంకొక వ్యాపారిని నిలబెడుతుంది.

మార్క్స్ ఆ వ్యాసంలోనే ఇంకొక మాట అన్నాడు. పాలించేవాడూ పాలించబడేవాడూ ఎవరి కళ్ళతో వాళ్ళు చూస్తారు గనక, ఇద్దరికీ చెందని మూడో శక్తి కావాలి. అది స్వేచ్ఛగల పత్రిక అన్నాడు. ఆ పత్రికను మూసివేశారు, ఆ ప్రశ్న మాత్రం మూతపడలేదు. మనబోటి ఉపాధ్యాయులూ విద్యార్థులూ చెయ్యగల పని అక్కడ వుంది. ఏ ఊళ్ళో ఎన్ని చెట్లు పోయాయి, ఎన్ని మళ్ళీ నాటారు, ఏ ఇంట్లో ఎవరు డయాలిసిస్‌కు వెళుతున్నారు, ఎవరి పేరు ఏ జాబితాలో లేదు అన్నది కాగితంతో కాక మనుషులతో సరిచూసి రాయాలి. ఎదుటివాడు ‘మా కర్మ’ అన్నప్పుడు తల వూపి ఊరుకోకుండా, ఆ పద్దులో ఇంకా ఎవరెవరి పేర్లు రాయవలసి వున్నదో అతనితో కూచుని లెక్క చూడాలి. ఆ జాబితాలో మన పేరు కూడా వుండవచ్చు. చెరువు నీళ్ళు మనం కూడా తాగుతున్నాం.